బాల్జాక్ ప్రూఫుల వెంట: పాసీ, సాషె, రూ విస్కోంతి

పారిస్ మెట్రో ఆరో లైను బీర్-హకీమ్ వంతెన మీదుగా సేన్ నదిని దాటగానే పాసీ స్టేషను వస్తుంది. అక్కడ దిగి రూ రేనువార్ అనే వీధిలో 47వ నంబరు ఇంటి కోసం వెతికేవారికి ముందు కనిపించేది గేటు మాత్రమే. ఇల్లు గుట్ట వాలులో, వీధి మట్టానికి చాలా దిగువన ఉంటుంది. గేటు దాటి మెట్లు దిగితే చిన్న తోట, ఆ తోట అంచున ఇల్లు, చెట్ల పైనుంచి ఈఫిల్ టవర్ కనిపిస్తాయి. ఫ్రెంచి నవలాకారుడు ఒనోరె ద బాల్జాక్ 1840 నుంచి 1847 వరకు ఈ ఇంట్లో అద్దెకున్నాడు. ఆయన కాలానికి టవర్ లేదు సరికదా, పాసీ కూడా పారిస్‌లో భాగం కాదు. నగరం వెలుపలి గ్రామంగా ఉండి, 1860లో పారిస్‌లో కలిసింది.

ఆయన ఊరి బయటికి వచ్చింది ప్రశాంతత కోసం కాదు, అప్పులవాళ్ళ బెడద తప్పించుకోవడానికి. ఇల్లు తన పేరున కాక, ఇంటి పనులు చూసే ఆమె ఇంటిపేరును కొంచెం మార్చి ‘మస్యూ ద బ్రెన్యోల్’ పేరున తీసుకున్నాడు. ‘ప్లమ్ పండ్ల కాలం వచ్చింది’, ‘బెల్జియం లేసు తెచ్చాను’ వంటి సంకేత వాక్యాలు చెప్పినవాళ్ళనే లోపలికి రానిచ్చేవారని కథలు కథలుగా చెబుతారు. అవి ఎంతవరకు నిజమో గాని, ఇంటికి రెండు దారులున్న మాట మాత్రం నిజం. పైన రూ రేనువార్, కింద రూ బెర్తోన్. నేను కిందికి దిగి రూ బెర్తోన్ కూడా చూశాను. రాళ్ళు పరిచిన ఆ ఇరుకు సందులో పాసీ, ఓతయ్ ప్రాంతాల పొలిమేరను తెలిపే 1731 నాటి సరిహద్దు రాయి ఇప్పటికీ ఉంది. పై తలుపు ఎవరైనా తడితే, కింది తలుపు గుండా సేన్ ఒడ్డుకు చేరుకోవడానికి ఎంతోసేపు పట్టేది కాదు.

పారిస్ నగరపాలక సంస్థ ఈ ఇంటిని మ్యూజియంగా నడుపుతోంది. పసిడి పిడి మీద మణిరాళ్ళు పొదిగిన చేతికర్ర ఇక్కడే ఉంది. 1834లో బాల్జాక్ దాన్ని చేయించుకున్నప్పుడు పారిస్ అంతా ఎంత నవ్వుకుందంటే, 1836లో దెల్ఫీన్ ద జిరార్దాన్ అనే రచయిత్రి ఆ కర్ర మీద ఒక నవలే రాసింది. తెలుపు మీద ఎరుపు రంగున్న కాఫీ పాత్ర కూడా ఉంది. దాని మీద ఆయన పేరు తొలి అక్షరాలున్నాయి. సందర్శకులు ఎక్కువసేపు నిలబడేది దాని ముందే. జీవితకాలంలో ఆయన ఇన్ని వేల కప్పుల కాఫీ తాగాడని లెక్కలు చెప్పేవారిని నేను నమ్మను. ఆ కప్పులు లెక్కపెట్టినవారెవరు? సాయంత్రమే పడుకుని, అర్ధరాత్రి లేచి, సన్యాసులు వేసుకునే తెల్లని అంగీ తొడుక్కుని, తెల్లవారేదాకా రాసేవాడన్నది మాత్రం ఆయన ఉత్తరాల్లోనే ఉన్న విషయం. రాసిన బల్ల చాలా చిన్నది. ‘కజిన్ బెట్’, ‘కజిన్ పాన్స్’ నవలలు ఈ ఇంట్లో ఉన్న కాలంలో పుట్టినవే.

నన్ను నిలబెట్టేసినవి అక్కడి ప్రూఫులు, అంటే తప్పులు దిద్దడానికని ముందుగా తీసే అచ్చు ప్రతులు. విజయవాడలో మా నాన్నగారికి కాలితో తొక్కి నడిపే చిన్న ట్రెడిల్ ప్రెస్సు ఉండేది. సెలవుల్లో ప్రూఫులు చదవడం నా పని. అందువల్ల రచయిత దిద్దిన ప్రూఫును చూడగానే అక్షరాలు పేర్చే కంపోజిటర్ గతేమిటా అన్న ఆలోచనే నాకు ముందు వస్తుంది. బాల్జాక్ దిద్దిన పుటలో అచ్చు నడుమ కొంత మేరే ఉంది, చుట్టూ వెడల్పాటి మార్జిన్లు. ఒక మాట దగ్గర మొదలైన గీత పుట అంచుదాకా పోయి, అక్కడ చేత్తో రాసిన నాలుగు పంక్తుల దగ్గర ఆగింది. ఆ నాలుగు పంక్తుల్లోని ఒక మాట నుంచి ఇంకో గీత బయలుదేరి కింది మార్జిన్‌లో మరో వాక్యాన్ని చేరింది. అడ్డంగా కొట్టేసినవి, కొట్టేసి మళ్ళీ కావాలన్నవి, గుర్తుల పక్కన గుర్తులు. మా ప్రెస్సులో అయితే ఇలాంటి ప్రూఫును దిద్దరు, గ్యాలీ (పేర్చిన అక్షరాల పళ్ళెం) మొత్తం విప్పి మళ్ళీ కంపోజు చేస్తారు. పారిస్ కంపోజిటర్లు రోజుకు ఒక గంటకు మించి బాల్జాక్ పని ముట్టుకోమని ఒప్పందం చేసుకునేవారట. అందులో నాకు అతిశయోక్తి కనిపించలేదు.

బాల్జాక్ గురించి చెప్పేటప్పుడు అందరూ రాశి గురించే చెబుతారు. మనకు ‘హ్యూమన్ కామెడీ’గా పరిచయమైన రచనా సముదాయంలో దాదాపు తొంభై నవలలు, కథలు ఉన్నాయి, పాత్రలు రెండు వేలకు పైనే. ఈ ఇంట్లోనే ఒక గదిలో ఆ పాత్రల వంశవృక్షాన్ని గోడ పొడవునా పరిచారు. పాత్రల బొమ్మలు అచ్చువేసే బ్లాకులు ఒక గది నిండా ఉన్నాయి. ఇదంతా చూసినవారికి ఆయన ఆగకుండా, వెనుదిరిగి చూడకుండా రాసుకుంటూ పోయాడనిపిస్తుంది. ప్రూఫులు అందుకు పూర్తిగా విరుద్ధమైన సాక్ష్యం చెబుతున్నాయి. ఆయన రాతప్రతి ఒక నమూనా మాత్రమే. అసలు రచన అచ్చయి వచ్చిన పుట మీద మొదలయ్యేది. ‘సేజార్ బిరొతో’ నవల ప్రూఫులు పదిసార్లకు పైగా అటూ ఇటూ తిరిగిన వైనం మీద 1837 డిసెంబరులో ‘ఫిగారో’ పత్రికలో ఎదువార్ ఉర్లియాక్ ఒక హాస్య వ్యాసమే రాశాడు. అదనపు దిద్దుబాట్ల ఖర్చు చాలాసార్లు రచయిత పారితోషికంలోంచే పోయేది. అప్పు తీర్చడానికి రాసేవాడు, రాసినదాన్ని దిద్దడానికి మళ్ళీ ఖర్చుపెట్టేవాడు.

తరువాత మోంపర్నాస్ స్టేషన్లో రైలెక్కి తూర్ వెళ్ళాను. 1799 మే 20న ఆయన పుట్టింది ఆ ఊళ్ళోనే. అక్కడి నుంచి ఆంద్ర్ నది లోయలోని సాషె గ్రామానికి కారులో వెళ్ళాలి. ఆ ఊళ్ళోని కోటలాంటి భవంతి ఆయన కుటుంబ మిత్రుడు జాన్ ద మార్గోన్‌ది. పారిస్‌లో ఊపిరాడనప్పుడల్లా బాల్జాక్ ఇక్కడికి వచ్చేవాడు. పై అంతస్తులో ఆయనకిచ్చిన గది గోడలోకి అమర్చిన మంచంతో, ఒక బల్లతో, తోట వైపు కిటికీతో ఎంతో సాదాగా ఉంది. 1834 శరత్కాలంలో ‘ఫాదర్ గోరియో’ మొదలైంది ఇక్కడే. ‘లిలీ ఇన్ ది వ్యాలీ’ నవలలోని లోయ ఈ ఆంద్ర్ లోయే. నది ఒడ్డున పాప్లర్ చెట్ల వరుసలు, పిండిమరలు ఆ నవల చదివినవారికి కొత్తగా అనిపించవు.

ఆ నవల వెనుక కూడా ఒక ప్రూఫుల గొడవ ఉంది. దాన్ని ధారావాహికగా వేస్తున్న ‘రెవ్యూ ద పారి’ అధిపతి ఫ్రాన్స్వా బ్యులోజ్, ఇంకా దిద్దని ప్రూఫులను సెయింట్ పీటర్స్‌బర్గ్‌లోని ఒక ఫ్రెంచి పత్రికకు పంపించాడు, వాళ్ళు వాటిని ఉన్నవి ఉన్నట్టుగా అచ్చేశారు. బాల్జాక్ మండిపడి మిగతా భాగం ఇవ్వనన్నాడు. వ్యవహారం కోర్టుకెక్కింది. 1836 జూన్‌లో వచ్చిన తీర్పు చాలావరకు ఆయనకే అనుకూలంగా ఉంది. దిద్దని పాఠం తనది కాదన్న ఆయన పట్టుదల పాసీలో ఆ పుటలు చూసి వచ్చిన నాకు పెంకితనంగా తోచలేదు. ఆ వ్యాజ్యం ముగిసిన నెలలోనే అలసిపోయి సాషె చేరి, ‘లాస్ట్ ఇల్యూజన్స్’ రాయడం మొదలుపెట్టాడు.

ఆ నవల ఆంగులేమ్ పట్టణంలోని ఒక పాత ప్రెస్సులో మొదలవుతుంది. మెషీను దగ్గర ముందుకూ వెనక్కూ ఊగే పనివాళ్ళను ఎలుగుబంట్లనీ, 152 గళ్ళలోంచి అక్షరాలు ఏరే కంపోజిటర్లను కోతులనీ పిలిచేవారని అందులో రాశాడు. ఇంత దగ్గరగా రాయగలిగినవాడు ప్రెస్సులో చేతులు నల్లబరుచుకునే ఉండాలి. అందుకే పారిస్‌కు తిరిగి వచ్చాక రూ విస్కోంతికి వెళ్ళాను. రెండు కార్లు పక్కపక్కన పట్టని ఆ వీధిలో 17వ నంబరు భవనంలో 1826లో బాల్జాక్ ముద్రణశాల పెట్టాడు. మరుసటి ఏడు అక్షరాల పోతశాల కూడా చేర్చాడు. 1828 నాటికి అంతా మునిగి, దాదాపు 60 వేల ఫ్రాంకుల అప్పు మిగిలింది. అందులో పెద్ద వాటా తల్లి దగ్గర తీసుకున్నదే. పాసీలో రెండు తలుపుల ఇల్లు వెతుక్కోవలసి రావడానికి బీజం ఈ వీధిలో పడింది. విచిత్రమేమిటంటే ఆ పోతశాల చేతులు మారి, ఆయన ప్రియురాలు మదామ్ ద బెర్నీ కుమారుడి చేతికి వచ్చాక బ్రహ్మాండంగా నడిచింది, ఇరవయ్యో శతాబ్దంలో దెబెర్నీ-పెఞో అనే పేరుతో ప్రపంచ ప్రసిద్ధమైంది. సరుకు మంచిదే, నడిపే చేయే అచ్చిరాలేదు.

ఆ వీధి నుంచి నడుచుకుంటూ నది వైపు వెళితే ఫ్రెంచి అకాడమీల నిలయమైన ఆంస్తిత్యు ద ఫ్రాన్స్ గోపురం వస్తుంది. స్పెల్‌బెర్క్ ద లోవాన్‌జూల్ అనే బెల్జియన్ సంగ్రాహకుడు జీవితమంతా వెతికి కూడబెట్టిన బాల్జాక్ రాతప్రతులు, ప్రూఫులు ఈ సంస్థకే చెందాయి. పరిశోధకులకు తప్ప ఇతరులకు వాటిని చూసే వీలుండదు గనుక నేను బయటి నుంచే చూసి వచ్చాను. 1842 నుంచి ఫ్యూర్న్ అనే ప్రచురణకర్త వేసిన ‘హ్యూమన్ కామెడీ’ సంపుటాల్లో బాల్జాక్ సొంత ప్రతి ఆ సేకరణలోనే ఉంది. బైండు చేసి అమ్మకానికి వెళ్ళిన పుస్తకాలవి. దిద్దడానికి ఇంకేమీ మిగలకూడదు. అయినా 1850 ఆగస్టు 18న యాభై ఒక్క ఏళ్ళ వయసులో చనిపోయేలోగా, వాటి మార్జిన్లలో కూడా ఆయన చేతిరాతతో మార్పులు నింపాడు. ఈనాడు ఫ్రాన్సులో ప్రామాణికంగా చదివే పాఠం చాలావరకు ఆ మార్జిన్లలోంచి వచ్చిందే.