బూస్టూ ఐడ్లింగూ ఒకేసారి పాడైతే

సిగ్నల్ దగ్గర ఆగినప్పుడల్లా నా కారు ఐడ్లింగ్ (యాక్సిలరేటరు తొక్కనప్పుడు ఇంజను తిరిగే వేగం) నిమిషానికి 600 చుట్లకి పడిపోయేది, వెంటనే 1,200కి లేచేది. బెంజి సర్కిల్‌లో రెండుసార్లు బండి పూర్తిగా ఆగిపోయింది. హైవే ఎక్కితే ఇంకో బాధ. ఒక బార్ బూస్టు (టర్బో ఇంజనులోకి గాలిని కుక్కే ఒత్తిడి) చూపించాల్సిన మీటరు 0.6 దాటేది కాదు, అద్దంలో చూస్తే వెనక నల్లటి పొగ.

నాది ఇరవై వాల్వుల 1.8 లీటర్ల పాత టర్బో పెట్రోలు కారు. టర్బో నుంచి వచ్చే వేడి గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్ పెద్దది వేయించి, ట్యూనింగ్ మార్పించి మూడేళ్ళయింది. ఆటోనగర్‌లో ఒక గ్యారేజీలో చూపిస్తే థ్రాటిల్ (ఇంజనులోకి గాలిని వదిలే తలుపు) శుభ్రం చేశారు, ప్లగ్గులు మార్చారు, కాయిల్స్ మార్చారు. చివరికి టర్బో పోయిందన్నారు. అక్కడ నాకు అనుమానం వచ్చింది. టర్బో పోతే బూస్టు తగ్గుతుంది సరే, ఐడ్లింగ్ ఎందుకు ఊగాలి?

ఇంటికి తెచ్చి స్కానర్ పెట్టాను. ఐడ్లింగ్‌లో ఇంధన సవరణ (కంప్యూటరు పెట్రోలును ఎంత పెంచుతోందో, తగ్గిస్తోందో చూపే లెక్క) +17 శాతం. వేగం 2,500 దగ్గర పట్టి ఉంచితే +4కి దిగింది. అంటే లెక్కలో లేని గాలి ఎక్కడి నుంచో దూరుతోంది. ఇంజను కొద్దిగా పీల్చేటప్పుడు ఆ దొంగ గాలి వాటా ఎక్కువ, గట్టిగా పీల్చేటప్పుడు తక్కువ. మరి నల్ల పొగ? నా బండిలో గాలిని కొలిచే సెన్సరు టర్బోకు ముందే ఉంటుంది. థ్రాటిల్ దాటాక ఎక్కడైనా చీలిక ఉంటే, ఐడ్లింగ్‌లో వాక్యూమ్ వల్ల బయటి గాలి అందులోంచి లోపలికి వస్తుంది. బూస్టులో అదే చీలికలోంచి కొలిచిన గాలి బయటికి పోతుంది. పోయిన గాలికి కూడా కంప్యూటరు పెట్రోలు పోస్తూనే ఉంటుంది, అదే పొగ. (గాలిని బయటికి వదిలే బ్లో ఆఫ్ వాల్వును ఇలాంటి బండికి శబ్దం కోసం పెట్టుకోవద్దని అందుకే అందరికీ చెబుతాను. గేరు మార్చిన ప్రతిసారీ ఇదే జరుగుతుంది.)

హార్డ్‌వేర్ కొట్లో పీవీసీ క్యాప్ కొన్నాను. దానికి రంధ్రం చేసి ట్యూబ్‌లెస్ టైరు వాల్వు బిగించి, టర్బోకు గాలి వెళ్ళే గొట్టానికి తొడిగి క్లిప్పు వేశాను. ఇంజను ఆపి ఉంచి, చిన్న కంప్రెసర్‌తో 0.7 బార్ వరకు గాలి కొట్టాను. క్యాప్ ఊడితే రాయిలా తగులుతుంది, దానికి ఎదురుగా మాత్రం నిలబడకండి. డిప్‌స్టిక్ దగ్గర కాస్త గాలి చప్పుడు వినిపించడం మామూలే.

అసలు బుస థ్రాటిల్ దాటిన గాలిని సిలిండర్లకు పంచే మానిఫోల్డు కింద నుంచి వచ్చింది. చేయి దూరుతుంది కానీ కంటికి అందని చోటు అది. సబ్బు నీళ్ళు చల్లి, ఫోను కెమెరా దూర్చి చూస్తే బుడగలు. క్రాంక్‌కేసు (ఇంజను అడుగు భాగం) ఆవిరిని మానిఫోల్డులోకి తీసుకెళ్ళే రబ్బరు గొట్టానికి, వంపు లోపలి వైపు, గోరంత చీలిక. ఏళ్ళ తరబడి నూనె ఆవిరి తాగి రబ్బరు తడిసిన రొట్టెలా అయింది. వేళ్ళతో వంచితే నోరు తెరుస్తోంది, వదిలితే గీత కూడా కనబడడం లేదు. పైనుంచి టార్చి వేసి వెతికితే ఎవరికి దొరుకుతుంది?

గొట్టంతో పాటు దాని పక్కనున్న వన్‌వే వాల్వూ మార్చాను. అది పాడైతే బూస్టు క్రాంక్‌కేసులోకి తన్నుతుంది. ఇప్పుడు ఐడ్లింగ్ 850, సవరణ +3. నిన్న తెల్లవారుజామున ఏలూరు వైపు వెళ్ళి, ఖాళీ రోడ్డు చూసుకుని మూడో గేరులో పూర్తిగా తొక్కాను. ముల్లు ఒక బార్ మీద నిలబడింది. అద్దంలో రోడ్డు తప్ప ఏమీ లేదు.