ఎస్‌ఎస్‌ఆర్ కోసం నాలుగు నెలలు

మిషిగన్ వచ్చిన కొత్తలోనే ఒక బండి మీద మనసు పడింది. షెవ్రొలె కంపెనీ పికప్ ట్రక్కు ఎస్‌ఎస్‌ఆర్. 1947 నాటి షెవ్రొలె ట్రక్కుల్లాంటి గుండ్రటి ముఖం, ఉబ్బెత్తు మడ్‌గార్డులు, బటన్ నొక్కితే మడుచుకుని సీట్ల వెనక్కి వెళ్లిపోయే గట్టి రూఫ్. మా లాన్సింగ్‌లోనే తయారైంది, అదీ 2006 దాకానే. కాబట్టి కొంటే పాతదే కొనాలి.

"సీట్లు రెండే, మరి పిల్లాడెక్కడ కూర్చుంటాడండీ?" అంది మా ఆవిడ. ఇంట్లో ఇంకో కారుందిగా అని ఒప్పించాను.

మొదట చూసింది 2004 మోడల్. 5.3 లీటర్ల వి8, అంటే ఎనిమిది సిలిండర్ల ఇంజిన్, దాదాపు 300 హార్స్‌పవర్. వినడానికి బాగానే ఉంది, కానీ బండి బరువు రెండు టన్నుల పైమాటే. హైవే ఎక్కే ర్యాంపు మీద యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కాను. శబ్దం ముందొచ్చింది, వేగం తర్వాతొచ్చింది. పేరుకి పికప్ ట్రక్కే, కానీ మనవాళ్లు "బండికి పికప్ ఉందా?" అంటారే, ఆ పికప్ లేదు. అంత ఇష్టపడ్డ బండిని వద్దని చెప్పి వస్తుంటే బాధేసింది.

2005లో దీనికి 6.0 లీటర్ల ఎల్‌ఎస్2 ఇంజిన్ పెట్టారు. షెవ్రొలె వాళ్ల స్పోర్ట్స్ కారు కార్వెట్‌లో అప్పట్లో ఉన్నదీ అదే. 390 హార్స్‌పవర్. 6 గేర్ల మాన్యువల్ కూడా ఆ ఏడాదే మొదలైంది. ఇక అదే కావాలని పట్టుబట్టి వెతికాను. ప్రకటనల్లో ఏం రాసినా నేను ముందు విన్ (VIN) నంబరే, అంటే ప్రతి బండికీ విడిగా ఉండే గుర్తింపు నంబరే అడిగేవాణ్ణి. అందులో ఎనిమిదో అక్షరం 'పి' అయితే 5.3 లీటర్ల ఇంజిన్, 'హెచ్' అయితే 6.0.

నాలుగో నెలలో మాన్యువల్ ఒకటి దొరికింది. కొనేముందు మెకానిక్‌కి చూపించాను. ఇంజిన్ కంప్రెషన్ అన్ని సిలిండర్లలోనూ సమానంగా ఉంది. రూఫ్ మాత్రం సగంలో ఆగిపోయింది. నాకు ఒకటే టెన్షన్, ఆ మోటార్లూ సెన్సర్లూ పోతే ఖర్చు మామూలుగా ఉండదు. ఆయన మీటరు పెట్టి చూసి బ్యాటరీ బలహీనంగా ఉందన్నాడు. కొత్తది వేయించి, ఆరుసార్లు తెరిచి మూయించాకే డబ్బు కట్టాను.

బండ్లు రిజిస్టర్ చేసే ఆఫీసులో 6 శాతం పన్ను కట్టి, టైటిల్, అంటే బండి యాజమాన్య పత్రం, నా పేరుకు మార్పించుకుని, అటునుంచి అటే ఆ పాత ర్యాంపుకే వెళ్లాను. మూడో గేర్లో తొక్కగానే వీపు సీటుకి అతుక్కుపోయింది.