మార్కాపురం పలకతో టర్కీ కాల్

ఫిబ్రవరి మూడో వారం. చిన్నప్పుడు బలపం కీచుమంటే పళ్లు జివ్వుమనేవి. ఇప్పుడు అదే కీచు కోసం పనిగట్టుకుని గరాజ్‌లో కూర్చుంటున్నాను. అమెరికాలో మా మిజోరీ రాష్ట్రంలో ఏప్రిల్ మూడో సోమవారం అడవి టర్కీ కోళ్ల వేట సీజన్ మొదలవుతుంది. వసంతంలో పుంజు పెట్ట గొంతు విని దగ్గరికొస్తుంది. ఆ గొంతు పలికించేదే కాల్. నేను చేస్తున్నది పాట్ కాల్: అరచేతిలో పట్టే చెక్క గిన్నె, దాని మీద పలక, గీకడానికి స్ట్రైకర్ అనే పుల్ల.

స్లేట్ బిళ్లలు ఇక్కడ కొనుక్కోవచ్చు. కానీ ఊరి నుంచి తెచ్చిన మార్కాపురం పలక అలమరలో ఖాళీగా ఉంది. చట్రం ఊడదీసి మూడున్నర అంగుళాల వృత్తం గీశాను. టైల్స్ కోసే బ్లేడుతో, నీళ్లు చల్లుతూ కోయాలి. పొడి ఊపిరితిత్తులకు మంచిది కాదు, మాస్క్ తప్పనిసరి. తొందరపడితే మొదటి బిళ్ల అంచు పెచ్చులేచింది.

మార్చి మొదటి వారం. వాల్‌నట్ చెక్కను లేత్ మీద తిప్పి గిన్నె తీశాను. మధ్యలో చిన్న దిమ్మె, దాని మీద గాజు బిళ్ల, పైన ఐదు మిల్లీమీటర్ల ఖాళీ, ఆ పైన అంచు మీద కూర్చునే పలక. అడుగున గాలి రంధ్రాలు. అన్నీ అతికించి గీశాను. పలక పలకలేదు! పెట్టె మీద గోరుతో గీకినట్టు పొడి చప్పుడు, అంతే. రెండు రోజులు చెక్కని తిట్టుకున్నాను. చివరికి విప్పి చూస్తే, సిలికాన్ జిగురు కారి గాజుకీ పలకకీ మధ్య వంతెన కట్టింది. కందిగింజంత బొట్టు. గీరేసి, అంచుకి మాత్రమే పల్చగా జిగురు రాసి మళ్లీ బిగిస్తే గొంతు పెగిలింది.

మార్చి మూడో వారం, స్ట్రైకర్లు. పలకను గిన్నెలు తోమే ఆకుపచ్చ పీచుతో ఒకే దిశలో రుద్ది, ఆ గీతలకు అడ్డంగా గీయాలి. పుల్లను పెన్నులా పట్టుకుని, కొన ఎత్తకుండా చిన్న గుండ్రాలు తిప్పాలి. హికరీ చెక్క పుల్లతో యెల్ప్, అంటే పెట్ట పిలుపు, బాగా విరిగింది: ముందు సన్నగా, వెంటనే బొంగురుగా, ‘క్యా-వ్, క్యా-వ్’ అని. పర్పుల్‌హార్ట్ పెద్దగా మోగింది కానీ మొరటు. వెదురు దండగ. మేపుల్ పుల్ల పొడవు తగ్గిస్తే గొంతు మారుతుందని కాస్త కాస్తగా కోశాను, ఒక కోత ఎక్కువైంది, పోయింది. అంచుకి దగ్గరగా గీస్తే సన్నం, మధ్యకి జరిగితే బొంగురు. నాకు అంచు నుంచి అంగుళం లోపల కుదిరింది.

పరీక్ష పెరట్లోనే. అడవిలో పెట్ట కూత కూస్తే పుంజే కాదు, తుపాకీ పట్టుకున్న ఇంకో వేటగాడు కూడా రావచ్చు. అందుకే పుంజు తల రంగులైన ఎరుపు, తెలుపు, నీలం బట్టలు అక్కడ వద్దంటారు. ఎప్పటినుంచో వేటాడే మా పక్కింటాయన నలభై అడుగుల దూరంలో నిలబడి విన్నాడు. యెల్ప్‌కి తలూపాడు, పర్‌కి, అంటే పెట్ట మెల్లగా చేసే గురగుర చప్పుడుకి, మొహం చిట్లించాడు. నిజమే, నా పర్ నిద్రలో గురకలా ఉంది. పుల్ల మీద బరువు తగ్గించాలట.

ఏప్రిల్ మొదటి వారం. ఆవకాయ తిన్న చెయ్యి సరిగా కడుక్కోకుండా పలక ముట్టుకున్నాను. నూనె పట్టినచోట పుల్ల జర్రున జారింది. మళ్లీ పీచు, మళ్లీ రుద్దుడు. చినుకులు పడ్డప్పుడూ ఇదే గోల. అందుకే తర్వాతి పాట్ పైన గాజుతో చేస్తున్నాను. దానికి గరుకు కాగితం కావాలి, ఇంట్లో ఉన్నది మరీ నునుపు.