లాల్‌బాగ్ బండ మీద లెక్కలు
మా అబ్బాయిని బడి మాన్పించి ఇంట్లోనే చదివించడం మొదలుపెట్టి ఈ జూన్‌కి ఏడాది. బెంగళూరు మారతహళ్లిలో ఇరుగుపొరుగుకి ఇప్పటికీ జవాబు చెప్పుకుంటూనే ఉన్నాం. మొదట్లో బడి టైమ్‌టేబుల్‌నే ఇంట్లో పెట్టి వాణ్ణి ఏడిపించాను. అది నా తప్పే.

నిన్న లాల్‌బాగ్ తోటలోని బండ ఎక్కాం. సుమారు 300 కోట్ల ఏళ్ల నాటిదని చెబితే అరచేత్తో నిమురుతూ, "నాన్నా, 300 పక్కన ఎన్ని సున్నాలు పెట్టాలి?" అన్నాడు. కిందికి దిగాక పుల్లతో మట్టిలో రాసి లెక్కపెట్టాడు. ఏడు. గుణకారమంటే పుస్తకం మూసేసే పిల్లాడు వాడు!

14 నిండాక జాతీయ సార్వత్రిక విద్యాసంస్థ ఎన్ఐఓఎస్‌లో పదో తరగతి రాయించొచ్చు, ఆ టెన్షన్ లేదు. తోటిపిల్లల లోటే ఇంకా బాధిస్తోంది. సాయంత్రం ఆట కోసం వాడు మధ్యాహ్నం నుంచే చెప్పులేసుకుని గుమ్మంలో కూర్చుంటాడు.