ఆల్చిప్పలు, గోనెసంచి, ఏప్రిల్ రీడింగులు

నా పీహెచ్‌డీ మంచినీటి ఆల్చిప్ప మీద, శాస్త్రీయ నామం లామెల్లిడెన్స్ మార్జినాలిస్. ఏ కాలంలో దాని కండలో ప్రోటీన్, కొవ్వు, గ్లైకోజెన్ (ఒంట్లో దాచుకునే పిండిపదార్థం) ఎంతెంత ఉంటాయి, పిల్లలు పెట్టే కాలానికీ వీటికీ సంబంధం ఏంటి అన్నది చూడాలి. బెంగాల్, అస్సాం వైపు దీన్ని కూర వండుకుంటారు. మా కర్నూలులో ఆ మాట చెప్తే మా అమ్మే మొహం చిట్లించింది, ఎండ్రకాయల పులుసు మాత్రం లొట్టలేసుకుంటూ తింటుంది.

నెలకో ఆదివారం పొద్దున్నే సుంకేసుల దగ్గర తుంగభద్రలో 30 చిప్పలు ఏరుకోవడం, రాత్రికి ఇంట్లో పెట్టుకోవడం, సోమవారం బస్సులో అనంతపురం ల్యాబుకు మోసుకెళ్లడం. అక్కడ కండ తీసి, 60 డిగ్రీల ఓవెన్‌లో ఎండబెట్టి, పొడి చేసి, ప్రోటీన్‌కు లౌరీ పద్ధతి, గ్లైకోజెన్‌కు ఆంత్రోన్ అనే రసాయనం. ఆంత్రోన్‌ను గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లంలో కలిపి పోసి వేడిచేస్తే నీలం కలిసిన ఆకుపచ్చ రంగు వస్తుంది, రంగు ఎంత చిక్కగా ఉంటే గ్లైకోజెన్ అంత ఎక్కువ. మొదటి నెలలోనే నా చున్నీకి చిల్లులు పడ్డాయి.

చలికాలమంతా బాగానే గడిచింది. ఏప్రిల్‌లో గ్లైకోజెన్ ఒక్కసారిగా పడిపోయింది. నాకైతే సంతోషం, గుడ్లు వదిలేసినట్టుంది సార్ అని గైడ్ దగ్గరికి పరిగెత్తా. ఎందుకంటే గ్లైకోజెన్ అంటే ఆల్చిప్పకు గాదెలో గింజల్లాంటిది, తిండి దొరికినప్పుడు దాచుకుని, గుడ్లు తయారయ్యేటప్పుడు తీసి ఖర్చు పెడుతుంది, అందులో కొంత కొవ్వుగా మారి గుడ్లలోకే పోతుంది. యూరప్‌లో ఇంగ్లీషు పేరులో 'ఆర్' అక్షరం లేని నెలల్లో, అంటే మే నుంచి ఆగస్టు దాకా, సముద్రపు ఆయిస్టర్లు తినొద్దనే పాత మాట ఒకటుంది. ఎండకు తొందరగా చెడిపోతాయన్న భయం ఒకటైతే, ఆ నెలల్లో గుడ్లు వదిలి కండ నీళ్లగా అయిపోవడం ఇంకోటి. నాదీ అదే కథ అనుకున్నా.

సారు అడిగింది ఒకటే. "స్లైడ్ చూశావా?"

మైక్రోస్కోప్ కింద చూస్తే ఆడవాటి బీజకోశాల నిండా గుడ్లు. ఒక్కటీ వదల్లేదు. పైగా ఈ ఆల్చిప్ప గుడ్లను నేరుగా నీళ్లలోకి వదలదు, బయటి మొప్పల్లో పెట్టుకుని గ్లోకిడియా అనే పిల్లలయ్యేదాకా మోస్తుంది. గుడ్లు దిగి ఉంటే మొప్పలు ఉబ్బి ఉండాలి, ఇవేమో కాగితంలా పల్చగా ఉన్నాయి. మరి గ్లైకోజెన్ ఎక్కడికి పోయింది? ఆ నెలంతా టెన్షనే, ఆంత్రోన్ పాడైందేమోనని కొత్తది కూడా కలిపి చూశా.

చివరికి దొరికింది నా నోట్‌బుక్‌లోనే. చలికాలంలో చిప్పలను నది నీళ్ల బకెట్లో తెచ్చేదాన్ని. ఏప్రిల్‌లో బస్సంతా తడుపుతున్నావని కండక్టర్ గొడవ చేస్తే తడి గోనెసంచిలోకి మార్చా. నీళ్లు లేకపోతే ఆల్చిప్ప చిప్పలు బిగించుకుని, ఆక్సిజన్ లేకుండానే దాచుకున్న గ్లైకోజెన్‌ను కరిగించుకుంటూ బతుకుతుంది. కర్నూలు ఎండలో ఒక పగలూ రాత్రీ, ఆపైన బస్సులో మూడు గంటలు. నేను కొలిచింది రుతువును కాదు, నా ప్రయాణాన్ని! మే నెలలో సగం చిప్పలను ఒడ్డునే కోసి కండను ఐసులో పెట్టా, సగం గోనెసంచిలో తెచ్చా. ఐసులో పెట్టినవాటి రంగు చిక్కగా, మిగతావి వెలవెలబోతూ వచ్చాయి. ఏప్రిల్ అంకెలన్నీ కొట్టేశా, ఏడుపొచ్చింది.

ఇంకో పొరపాటు కూడా అప్పుడే బయటపడింది. అన్నీ శాతాల్లో రాసుకున్నా కదా, గ్లైకోజెన్ తగ్గితే ప్రోటీన్ శాతం దానంతటదే పెరిగినట్టు కనిపిస్తుంది, నిజానికి ఒక్క మిల్లీగ్రాము పెరగకపోయినా. ఇప్పుడు ఒకే పొడవున్న చిప్పలు తీసుకుని, ఒక్కోదాంట్లో మొత్తం ఎన్ని మిల్లీగ్రాములో లెక్కేస్తున్నా, ఆడ మగ విడివిడిగా. పైకి చూస్తే తేడా తెలియదు కాబట్టి ప్రతిదాన్నీ మైక్రోస్కోప్ కింద పెట్టాల్సిందే.

ఆగస్టులో వరదకు నదిలో కాలు పెట్టలేకపోయా, ఆ నెల గడి ఖాళీ. సెప్టెంబర్‌లో మాత్రం మొప్పలు ఉబ్బి ఉన్నాయి, స్లైడ్ మీద గ్లోకిడియాలు చిన్న చిన్న చిప్పలను టపటపా మూసుకుంటున్నాయి. చేప రెక్కనో మొప్పనో పట్టుకుని కొన్నాళ్లు దానిమీద బతకాలి కదా, ఆ పట్టు అప్పుడే అలవాటు చేసుకుంటున్నట్టు. ఆ రోజు అన్నం తినడం కూడా మర్చిపోయా.

నాకు చిప్పలు తీసిచ్చే చిన్నాయన అక్కడే చేపలు పడతాడు, ఆయనకు నా పద్ధతే నచ్చలేదు. "నెలకొకసారి వచ్చి ఏం తెలుసుకుంటావు పాపా, అమావాస్యకు కండ ఉంటాది, పున్నానికి ఏముండదు" అంటాడు. ఎండ్రకాయల గురించి ఈ మాట చాలామంది అంటారు, ఈయన ఆల్చిప్పలకూ అదే అంటాడు. కాదనడానికి నా దగ్గర లెక్కలు లేవు, నేను పోయిన ఆదివారాలు ఏ తిథిన పడ్డాయో చూసుకోనే లేదు. ఈసారి అమావాస్య మంగళవారం పడింది. ఐస్ బాక్సు కడిగి పెట్టుకున్నా.