గిటార్ మీద తొమ్మిదో దెబ్బ

నిన్న రాత్రి తొమ్మిదోది పడింది. కుర్చీలోంచి లేస్తూ పక్కకి తిరిగాను, గిటార్ తల వెళ్లి డైనింగ్ టేబుల్ అంచుకు టక్కున తగిలింది. చూస్తే హెడ్‌స్టాక్ కొన దగ్గర గోరంత పెచ్చు ఊడి, లోపలి తెల్ల చెక్క కనిపిస్తోంది. ట్యూనర్ వంగలేదు, శ్రుతి కూడా పోలేదు. నోటుబుక్కు తీసి తేదీ వేసి "9. హెడ్‌స్టాక్, కుడి కొన, పెచ్చు" అని రాసుకుని మళ్లీ వాయించడానికి కూర్చున్నాను. మొదటి సొట్ట పడ్డ రోజు మాత్రం నాకు అన్నం సయించలేదు.

ఈ నోటుబుక్కు సంగతి ముందు చెప్పాలి. 2023 ఆగస్టులో యమహా ఎఫ్‌జీ 820 కొన్నాను. 36 ఏళ్ల వయసులో నా మొదటి గిటార్. పైచెక్క సాలిడ్ స్ప్రూస్, వెనకా పక్కలా మహాగని, మొత్తం మీద అద్దంలా మెరిసే పూత. ఆ మెరుపు చూసే కొన్నాను, ఆ మెరుపే తర్వాత నిద్ర లేకుండా చేసింది. మ్యాట్ ఫినిష్ మీద గీత పడితే వెతుక్కోవాలి, గ్లాసీ దాని మీద పడితే అదే మనల్ని వెతుక్కుంటూ వస్తుంది. నోటుబుక్కులో ఎడమ పేజీ ప్రాక్టీసుకి, కుడి పేజీ దెబ్బలకి. కుడి పేజీ మొదలుపెట్టింది ఏడుపు మొహంతోనే.

మొదటిది నవంబరులో. గిటార్‌ని మంచం మీద వెల్లకిలా పడుకోబెట్టి తీగలు తుడుస్తున్నాను. చొక్కా జేబులో ఫోను. కాస్త ముందుకు వంగానో లేదో అది జారి, సరిగ్గా మూల కిందకి పెట్టుకుని మరీ, బ్రిడ్జి, అంటే తీగల చివర్లు బిగించే చెక్క ముక్క, పక్కన పడింది. కందిబద్దంత సొట్ట. పైపూత పగల్లేదు గానీ కింద చెక్క నొక్కుకుపోయింది. ఎదురుగా చూస్తే కనపడదు. కిటికీ దగ్గర వాలుగా పట్టుకుంటే, వెలుతురు జారుతూ వచ్చి అక్కడ చిన్న మడత పడుతుంది. రోజుకి నాలుగుసార్లు కిటికీ దగ్గరికి తీసుకెళ్లి ఆ మడత ఉందో లేదో చూసేవాణ్ణి. ఉండక ఎక్కడికి పోతుంది?

"కొత్త వస్తువు కదరా, దిష్టి తగిలింది. అదే దిష్టి చుక్క అనుకుని ఊరుకో" అంది అమ్మ ఫోన్లో. మా ఆవిడైతే "టీవీ రిమోట్‌కి ప్లాస్టిక్ కవరు తొడిగే వంశం కదా మీది" అని నవ్వేసింది. నిజమే, మా ఇంట్లో ఇప్పటికీ రిమోట్‌కి కవరుంది.

ఆ భయంతో గిటార్‌ని హార్డ్ కేసులో పెట్టి బీరువా పైకి ఎక్కించాను. డిసెంబరు నుంచి ఏప్రిల్ దాకా ఐదు నెలల్లో కుడి పేజీ ఖాళీ. ఎడమ పేజీలో 11 రోజులే. స్టూలు వేసుకోవాలి, కేసు దించాలి, క్లిప్పులు ఊడదీయాలి. ఆఫీసు నుంచి వచ్చాక ఇంత తతంగం ఎవరు చేస్తారు?

ఏప్రిల్లో దించి చూస్తే మెడ మీద అడ్డంగా ఉండే లోహపు మెట్లలో, అంటే ఫ్రెట్లలో, మూడోదాని దగ్గర తీగ జుయ్యిమంటోంది. మెడ అంచున చెయ్యి పైకి కిందకి జరిపితే ఫ్రెట్ల కొనలు రంపం పళ్లలా గీసుకుంటున్నాయి. బెంగళూరులో ఫిబ్రవరి, మార్చి నెలల్లో గాలి ఎంత పొడిగా ఉంటుందో, పెదాలు పగిలినా మనం పట్టించుకోం, గిటార్ పట్టించుకుంటుంది. తేమ తగ్గితే ఫ్రెట్‌బోర్డ్ చెక్క కుంచించుకుపోతుంది, లోహపు ఫ్రెట్లు కుంచించుకోవు, అందుకే కొనలు బయటకి పొడుచుకొస్తాయి. పైచెక్క కొద్దిగా లోపలికి దిగుతుంది, దానితోపాటు బ్రిడ్జీ దిగుతుంది, తీగలు ఫ్రెట్లకి తగులుతాయి. ఎస్పీ రోడ్డులో చిన్న తేమ మీటరు కొని కేసులో పెడితే 31 చూపించింది. గిటార్‌కి 45 నుంచి 55 శాతం ఉంటే మంచిది. దెబ్బ తగలకూడదని దాచి, అప్పడంలా ఎండబెట్టానన్నమాట.

దానికి వైద్యం ఏమంత ఖర్చు కాదు. ప్రయాణాల్లో వాడే సబ్బు డబ్బాకి కన్నాలు పెట్టి, అందులో తడిపి గట్టిగా పిండిన స్పాంజి ముక్క వేసి, కేసులో హెడ్‌స్టాక్ పక్కన పెట్టాను. నీళ్లు కారకూడదు, అదొక్కటే జాగ్రత్త. మీటరు 48 దగ్గర నిలబడ్డాక పది రోజులు ఆగితే జుయ్యిమనడం పోయింది. ఫ్రెట్ కొనలు కూడా చాలావరకు సర్దుకున్నాయి. ఇంకో వారం ఆలస్యమైతే పైచెక్క బీటలిచ్చేదేమో. బీట అంటే సొట్టలాంటిది కాదు, అది నిజమైన జబ్బు.

మే నుంచి గిటార్ హాల్లోకి వచ్చేసింది. గోడకి హ్యాంగర్ పెడదామనుకున్నాను గానీ కుదరలేదు. మా ఓనర్ ఆంటీ వాళ్లు తరాలుగా ఇక్కడే ఉంటున్న తెలుగువాళ్లు, మాటల మధ్యలో కన్నడం దొర్లుతూ ఉంటుంది. "ఏమన్నా చేసుకో నాయనా, గోడకి మేకు మాత్రం కొట్టొద్దు" అని మొదటి రోజే చెప్పేశారు. ఈ ఊళ్లో అద్దెకున్నవాళ్లకి తెలిసిందే, ఖాళీ చేసేటప్పుడు పెయింటింగ్ కింద ఒక నెల అద్దె అడ్వాన్సులోంచి కోసుకుంటారు. గోడ మీద గీతలకి ఆంటీకి లెక్క చెప్పాలి. గిటార్ మీద గీతలకి నేనెవరికి లెక్క చెప్పాలి? ఈ ప్రశ్న నాకు చాలా ఆలస్యంగా తట్టింది. నేల స్టాండు కొని, తలుపు తెరుచుకునే దారికి దూరంగా సోఫా మూలన పెట్టాను. గోడకి ఆనించడం మాత్రం ఎప్పుడూ చెయ్యను. ఆనించిన గిటార్ ఎప్పుడో ఒకప్పుడు జారి పడుతుంది.

బయటపెట్టాక దెబ్బలు వరసగా మొదలయ్యాయి. రెండోది జీన్స్ బెల్టు బకిల్ వెనకవైపు గీసిన గీతలు, వేలెడంత మేర. మూడోది తీగలు మార్చేటప్పుడు కత్తిరించిన తీగ కొన స్ప్రింగులా ఎగిరి సౌండ్ హోల్ (పైచెక్క మధ్యలోని గుండ్రటి కన్నం) కింద గీసింది, వెంట్రుకంత సన్నగా. అప్పటినుంచి పాత టవలు పైచెక్క మీద పరిచి గానీ కట్టర్ ముట్టుకోను. అదే కాలంలో ఎడమ పేజీ కూడా నిండింది. జి కార్డు (కొన్ని స్వరాలు కలిపి మోగించే వేళ్ల పట్టు) నుంచి సి కార్డుకి మారడం నిమిషానికి 22 సార్లున్నది జులైకి 54 అయింది. ఒకే వేలితో తీగలన్నీ అడ్డంగా నొక్కి పట్టే ఎఫ్ బారె కార్డు ఆగస్టు చివర్లో ఆరు తీగలూ మోగేలా పడింది, ఆ తేదీ చుట్టూ గుండ్రంగా గీసుకున్నాను.

నాలుగోది నేను చేతులారా చేసుకున్నది, అందుకే కాస్త వివరంగా రాస్తాను. మొదటి సొట్టని ఎలాగైనా పోగొట్టాలని చూశాను. నొక్కుకుపోయిన చెక్క మీద తడిగుడ్డ వేసి ఇస్త్రీపెట్టె ముట్టిస్తే, ఆవిరి లోపలికెళ్లి నారలు ఉబ్బి పైకి లేస్తాయి. ఈ పద్ధతి నిజమైనదే, ఉత్త చెక్క మీద బాగా పనిచేస్తుంది. నేను మర్చిపోయింది ఒక్కటే, నా గిటార్ మీద పూత చెక్కుచెదరలేదు. ఈ రకం గిటార్లకి సాధారణంగా వేసే గట్టి ప్లాస్టిక్ లాంటి పాలీ పూతలోంచి ఆవిరి దూరదు. వేడి మాత్రం పూతకి తగులుతుంది. పది సెకన్లు పెట్టి గుడ్డ తీసేసరికి సొట్ట అలాగే ఉంది, దాని చుట్టూ రూపాయి బిళ్లంత తెల్లటి మసక వచ్చింది. పాలు ఒలికినట్టు. అది ఇప్పటికీ ఉంది. కందిబద్దంత దాన్ని దాచబోయి రూపాయి బిళ్లంత చేశాను. పూత పగలని సొట్టల జోలికి నేనింక వెళ్లను.

పూత పెచ్చు ఊడితే మాత్రం వేరే పద్ధతి ఉంది, ఆరోదానికి అది బాగా కుదిరింది. గిటార్ పక్క అంచు తలుపు గొళ్లేనికి తగిలి మెంతిగింజంత పెచ్చు ఊడింది. వాడింది మామూలు ఫెవిక్విక్. ట్యూబుతో నేరుగా వేస్తే కారిపోతుంది, టూత్‌పిక్ కొనతో చుక్క ముంచి గుంటలో పెట్టాలి. ఆరాక ఇంకో చుక్క. అలా నాలుగు విడతల్లో, చుట్టూ ఉన్న పూత కన్నా కాస్త ఎత్తుగా వచ్చేదాకా వేశాను. పూర్తిగా గట్టిపడటానికి ఒక రోజు వదిలేశాను. తర్వాత షేవింగ్ బ్లేడుకి రెండు చివర్లా సెల్లోటేపు చుట్టి, మధ్యలో చుక్క వెడల్పంత మేర మాత్రం వదిలాను. ఆ బ్లేడుని నిలబెట్టి మెల్లగా గీకితే టేపు పక్కనున్న పూతని కాపాడుతుంది, ఎత్తుగా ఉన్న చుక్క మాత్రమే తెగుతుంది. ఆపైన 1000, 1500, 2000 నంబర్ల వాటర్ పేపర్, చివర్లో కారుకి వాడే రబ్బింగ్ కాంపౌండ్ దూదితో. కిటికీలు తీసి చెయ్యండి, ఆ ఘాటుకి కళ్లు మండుతాయి. నిన్నటి తొమ్మిదోదానికి కూడా వచ్చే శనివారం ఇదే వైద్యం. అందం కోసమని కాదు, ఉత్త చెక్క తెరిచి ఉంటే చెమట, మట్టి పట్టి నల్లబడుతుంది.

దెబ్బ తగిలిన ప్రతిసారీ ఇప్పుడు చేసేది రెండు నిమిషాల పని. గోటిని మచ్చ మీద అడ్డంగా లాగుతాను. గీత చెక్క నార వెంబడే పొడుగ్గా పోతూ, దానికి అటూ ఇటూ వేళ్లతో మెల్లగా నొక్కితే కదులుతుంటే అది బీట, వెంటనే మరమ్మతువాడి దగ్గరికే. తర్వాత పైచెక్క మీద వేలి కణుపుతో తడుతూ వింటాను. ఎక్కడైనా గరగరమంటే లోపలి బద్దె ఊడినట్టు. సౌండ్ హోల్‌లోంచి ఫోను టార్చి వేసి చూస్తాను. బ్రిడ్జి వెనక అంచు కింద కాగితం దూరుతోందేమో చూస్తాను, తీగలన్నీ కలిపి సుమారు 70 కిలోల బరువుతో దాన్ని లాగుతుంటాయి కదా. ఇవేవీ లేకపోతే టెన్షన్ లేదు, నోటుబుక్కులో ఒక వాక్యం చాలు.

తీగలు మీటే అలవాటు వల్ల వచ్చే అరుగుదల వేరే రకం. అమెరికన్ కంట్రీ గాయకుడు విల్లీ నెల్సన్ 1969లో కొన్న మార్టిన్ ఎన్-20 గిటార్‌కి, ఆయన ముద్దుగా ట్రిగ్గర్ అంటాడు, సౌండ్ హోల్ పక్కన ఏకంగా ఇంకో కన్నం పడింది. అది నైలాన్ తీగల క్లాసికల్ గిటార్, వేళ్లతో వాయించేది కాబట్టి పిక్, అంటే తీగలు మీటే ప్లాస్టిక్ బిళ్ల, గీతల నుంచి చెక్కని కాపాడే పిక్‌గార్డ్ ఉండదు. ఆయన పిక్‌తో వాయించాడు, ఏళ్ల తరబడి. నా గిటార్‌కి పిక్‌గార్డ్ ఉన్నా, చెయ్యి పైకి విసిరేటప్పుడు సౌండ్ హోల్ పైవైపు కూడా గీస్తున్నాను. ఎనిమిదోది అదే. ఇంకోవైపు 1995 నుంచి ఫెండర్ కస్టమ్ షాప్ వాళ్లు కొత్త గిటార్లనే అరగదీసి, గీతలు పెట్టి రెలిక్ పేరుతో అమ్ముతున్నారు. బాగానే ఉంటాయి చూడ్డానికి. కానీ డబ్బిచ్చి వేరేవాళ్ల చేత గీతలు పెట్టించుకోవడం నా బుర్రకెక్కదు, చిరిగిన జీన్స్ కొనడం లాగే.

సంక్రాంతికి విజయనగరం వెళ్లినప్పుడు అమ్మమ్మ వీణని మొదటిసారి దగ్గరగా చూశాను. బొబ్బిలి వీణ, ఒకే పనస దుంగలోంచి తొలిచింది. మైనం మీద నిలబెట్టిన 24 ఇత్తడి మెట్లలో మధ్యవాటి మీద తీగ కోసిన గాడి వేలికి తెలుస్తోంది. కుండ అంచున, ఆవిడ కుడి చెయ్యి ఆనేచోట, పాలిష్ పూర్తిగా పోయి చెక్క నున్నగా లేత పసుపు రంగులో ఉంది. అరచెయ్యంత మేర. "ఇదెప్పుడు పోయింది?" అని అడిగితే అమ్మకి నా ప్రశ్నే అర్థం కాలేదు. "పోవడమేంట్రా, అమ్మ చెయ్యి పెట్టుకునే చోటు కదా అది."

ఏడోది ఇంకా చెప్పలేదు. అది మా పాప చేసింది, ఐదేళ్లు. నేను పిక్ వాడటం చూసి, రెండు రూపాయల బిళ్ల తీసుకుని పిక్‌గార్డ్ పక్కన ఐదారుసార్లు గట్టిగా లాగింది. అరవబోయి ఆగాను, ఎందుకంటే అప్పటికి తీగలు మోగుతున్నాయి, తాళం కూడా ఇంచుమించు సరిగ్గానే ఉంది. తనకి మెత్తటి 0.46 మిల్లీమీటర్ల పిక్ ఒకటి ఇచ్చాను. రాత్రి కొత్త పెచ్చు చూపిస్తే ఇష్టం లేనట్టు చూసి, వేలు పెట్టి తన గీతలు వెతికి "నాది పెద్దది" అంది. శనివారం తీగలు కూడా మార్చాలి, కొత్త సెట్ తెచ్చి ఉంచాను. పాత టవలు ఉతికి ఆరేసింది మా ఆవిడ, అది ఎక్కడ పెట్టిందో అడగాలి.