వెదర్ స్టేషన్ సిగ్నల్ అందట్లేదా? ముందు కన్సోల్‌ని కదపండి

వెదర్ స్టేషన్‌లో బయట ఉండి కొలిచేది సెన్సర్, ఆ రీడింగుల్ని వైర్‌లెస్‌గా అందుకుని ఇంట్లో చూపించేది కన్సోల్. డబ్బా మీద వేసే 100 మీటర్ల రేంజ్, మధ్యలో చెట్టూ గోడా లేని ఖాళీ మైదానం లెక్క. ఇంట్లో అందులో మూడో వంతు దక్కినా సంతోషించాలి.

అసలు శత్రువు దూరం కాదు, అడ్డం. ఆరుబయట దూరం రెట్టింపైతే సిగ్నల్ బలంలో తగ్గేది 6 డెసిబెల్సే. ఇనుప కడ్డీలున్న కాంక్రీట్ గోడ ఒక్కటే అంతకు మించి మింగేయగలదు. అదీ ఏటవాలుగా దాటితే ఇంకా నష్టం: 20 సెంటీమీటర్ల గోడ 45 డిగ్రీల కోణంలో 28 సెంటీమీటర్లవుతుంది. రేకుల కప్పు, ఫ్రిజ్, నీళ్ల ట్యాంకు, వేడిని ఆపే లోహపు పూత ఉన్న కిటికీ అద్దం కూడా ఇదే కోవలోకి వస్తాయి.

సిగ్నల్ కోసం సెన్సర్‌ని గోడ పక్కకి తెచ్చేస్తే ఉష్ణోగ్రత, వాన, గాలి లెక్కలన్నీ తప్పుతాయి. కదపాల్సింది కన్సోల్‌నే. సెన్సర్ 433 మెగాహెర్ట్జ్ రేడియో సిగ్నల్ పంపేదైతే, దాని తరంగం పొడవు దాదాపు 69 సెంటీమీటర్లు. గోడల మీంచి తిరిగొచ్చిన తరంగాలు కొన్నిచోట్ల ఒకదాన్నొకటి చంపుకుంటాయి కాబట్టి, ఒక జానెడు పక్కకి జరిపినా పోయిన రీడింగు తిరిగి రావచ్చు. టీవీ, మానిటర్, చవకరకం ఛార్జర్, ఎల్ఈడీ లైటు వీటికి కనీసం రెండు మీటర్ల ఎడం ఉంచండి. అనుమానముంటే ఒక్కొక్కటే ప్లగ్ పీకి చూడండి. రెండు యాంటెన్నాలూ నిలువుగానే ఉండాలి, సెన్సర్ యాంటెన్నా ఇనుప గొట్టానికి ఆనకూడదు.

మధ్యాహ్నం బాగానే ఉండి తెల్లవారుజామున ఆగిపోతోందంటే బ్యాటరీని అనుమానించండి. చలికి ఆల్కలైన్ సెల్ డీలా పడుతుంది. 1.5 వోల్టుల లిథియం సెల్ వేయండి. అదే సైజులో దొరికే 3.7 వోల్టులది మాత్రం వేయొద్దు, సర్క్యూట్ కాలిపోవచ్చు. మాన్యువల్ వేరేలా చెప్పకపోతే ముందు సెన్సర్‌లో, తర్వాత కన్సోల్‌లో సెల్స్ వేసి, రెండూ మూడు మీటర్ల లోపే ఉంచి, రీడింగ్ వచ్చాకే బయట బిగించండి.

సెన్సర్ ఒక్కోసారి పంపే రీడింగుల మూటే ప్యాకెట్. పదింటిలో ఒక ప్యాకెట్ పోతే కంగారు అక్కర్లేదు. 16 సెకన్లకోసారి పంపే సెన్సర్ గంటకి 225 పంపుతుంది. వాన లెక్క చాలా మోడళ్లలో కూడుకుంటూ వస్తుంది కాబట్టి తర్వాతి ప్యాకెట్‌లో సరిపోతుంది. గాలి విసురు అలా కాదు, ఆ ప్యాకెట్‌తో పోయిందంటే పోయినట్టే.